మంత్రి గారూ, మా చెలకలో ఒక గుంత తవ్వించండి

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లా, నాలుగెకరాల రైతును. డొంకకు ఇవతల రెండెకరాలు చెలక, అంటే ఎర్ర నేల, అవతల రెండెకరాలు నల్లరేగడి. మధ్యలో ఉన్నది బండి బాట ఒక్కటే, కానీ రెండు నేలలకూ పోలికే లేదు. చెలకలో గడ్డపార వేస్తే జానెడు లోతులోనే మొరం తగిలి ఖంగుమంటుంది. రేగడిలో ఎండాకాలం నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది, అదే నేల వాన పడగానే ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుని నీళ్లను లోపల పట్టి ఉంచుతుంది.

పోయిన వానాకాలం రెండిట్లోనూ పత్తే పెట్టాం, ఒకే విత్తనం, ఒకే వారంలో. సరిగ్గా పూత మీద ఉండగా మూడు వారాలు చినుకు లేదు. రేగడిలో చెట్టు మధ్యాహ్నం వాడినా తెల్లారేసరికి తేరుకునేది. చెలకలో వారం తిరగకముందే ఆకు వేలాడేసింది, తర్వాత పూతా పిందే రాలి సాళ్లలో పడ్డాయి. విత్తనం, మందుబస్తాలు, కలుపు కూలి రెండు వైపులా ఒకటే. చెలకలో వచ్చిన పత్తి ఆ ఖర్చులకే చాలలేదు.

మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు 2015 నుంచి ఉంది, మంచి పథకమే, కాదనను. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు అంటూ 12 అంశాలు చూస్తారు. కానీ నేల ఎంత లోతుందో ఆ పన్నెండింటిలో లేదు సార్! వర్షాధార రైతుకు ముందు కావాల్సింది అదే కదా, వాన పడ్డాక నేలలో తడి ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు ఆ లోతును బట్టే తెలుస్తుంది. పైగా వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా చాలన్నారు, అంటే దాదాపు 25 ఎకరాలకు ఒకటి. మా దగ్గర 25 ఎకరాలు నడిస్తే చెలక, దుబ్బ, రేగడి, చౌడు అన్నీ కాలికి తగులుతాయి. నా కార్డుకు మట్టి ఎవరి చేలో తీశారో నాకు తెలియదు, నా రెండు ముక్కలకూ అవే అంకెలు వచ్చాయి.

మా నాయన చెలకలో జొన్న వేసి మధ్య సాళ్లలో కంది పెట్టేవాడు, ఒక్కో ఏడు ఆముదం. కందికీ ఆముదానికీ వేరు లోతుకు పోతుంది, బెట్టకు ఆగుతాయి. ఇదేదో పాతకాలపు ముచ్చట కాదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఎర్ర నేల, నల్ల నేల ఒకే ఆవరణలో ఉన్నాయి, వేటికవి వేరుగా దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ఆముదం మీద పనిచేసే పరిశోధన స్థానం ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అక్కడి నల్ల నేల గుణం కూడా చూసే కదా ఇచ్చింది.

మరి తెలిసీ చెలకలో పత్తి ఎందుకు పెట్టావంటారేమో. పత్తిని మద్దతు ధరకు కొనడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ఉంది. ఆముదానికి కేంద్రం మద్దతు ధరే ప్రకటించదు. కందికీ జొన్నకూ ధర ఉంది కానీ, చేతిలో డబ్బుల్లేని మాలాంటివాళ్లు కొనుగోలు కేంద్రం తెరిచేదాకా ఆగలేక అప్పటికే షావుకారికి అమ్మేసుకుంటాం. అందుకే భయపడి మళ్లీ పత్తికే పోతాం, ఏటా ఇదే టెన్షన్.

నేను అడిగేది ఒకటే. ఈ ఎండాకాలం ప్రతి సర్వే నంబరులో మూడడుగుల లోతున ఒక గుంత తవ్వించి నేల రకం, లోతు కార్డులో రాయించండి. చెలక అని తేలిన చోట కంది, జొన్న, ఆముదం విత్తనం మే నెలాఖరుకల్లా రైతు వేదికలో పెట్టించి, ఏ ధరకు ఎక్కడ కొంటారో అప్పుడే బోర్డు మీద రాయించండి. గుంత తవ్వే పని మేమే చేసుకుంటాం, మీ వ్యవసాయ విస్తరణ అధికారి వచ్చి కొలిచి రాసుకుంటే చాలు.

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ జిల్లా రైతు