తార్నాక దస్త్రాలకు ఓపెన్ సోర్స్ దారి

తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులకు,

తార్నాకలో మీ సంరక్షణలో ఉన్న షాజహాన్, ఔరంగజేబు కాలపు ఫారసీ దస్త్రాలను ఆన్‌లైన్‌లో పెట్టేందుకు దయచేసి ‘యాటమ్’ అనే ఆర్కైవ్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోండి. ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆన్ ఆర్కైవ్స్ చొరవతో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, అంటే దీని కోడ్ అందరిదీ: ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. స్కాన్ చేసిన కాగితానికి ‘0012’ అని పేరు పెట్టి వదిలేస్తే అది మళ్లీ బీరువాలోకి వెళ్లినట్టే. ఎవరు రాయించారు, ఏ కచేరీది, ఏ కట్టలోది అన్నవన్నీ అంచెలంచెలుగా నమోదు చేయడానికి యాటమ్‌లో చోటుంది.

ఉచితమంటే ఖర్చు లేదని కాదు. సర్వర్ చూసుకునే ఉద్యోగి కావాలి, ఫారసీ చదవగలిగినవారు అంతకన్నా ముఖ్యంగా కావాలి. బడ్జెట్‌లో ముందు వారి జీతాలు రాయండి. సాఫ్ట్‌వేర్ లోపాలకు మీ సిబ్బంది చేసిన సవరణలనూ దాని తెలుగు అనువాదాలనూ యాటమ్ ప్రాజెక్టుకు తిరిగి పంపనివ్వండి. ఆ పనికి నాలాంటి ప్రోగ్రామర్లను పిలవండి, తప్పకుండా వస్తాం.