బుగ్గచుక్క చెరిపేశాం: మా స్టూడియోలో ముఖాల టచింగ్ గురించి

తెనాలిలోని మా స్టూడియోకు వచ్చే వారందరికీ నమస్కారం. ఇకపై మా దగ్గర ముఖాల టచింగ్, అంటే ఫొటోలో ముఖం మీది మచ్చలు, ముడతలు దిద్దడం, అరగంటలో పూర్తికాదు. ఒక్కరి ఫొటోకు మూడు రోజులు, పెళ్లి ఆల్బమ్‌కు ఆరు వారాలు పడుతుంది. ఒక ఫొటో టచింగ్‌కు ఇంతవరకు తీసుకున్న 80 రూపాయలు 150 అవుతుంది. ఈ మార్పుకు కారణం మేము చేసిన తప్పే కాబట్టి, కొత్త ధరల కాగితం గోడకు అంటించి ఊరుకోకుండా జరిగిందంతా మీకు చెప్పడమే న్యాయమనిపించింది.

రెండేళ్ల క్రితం పెళ్లిళ్ల రోజుల్లో పని పేరుకుపోయి, ముఖాన్ని తానే గుర్తుపట్టి, మచ్చలు తీసేసి, చర్మాన్ని నునుపు చేసి, కళ్లకు మెరుపు అద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాం. చేత్తో చేస్తే ఒక ముఖానికి నలభై నిమిషాలు పట్టే పనిని అది కొన్ని క్షణాల్లో ముగించేది. రాత్రి మూడు వందల ఫొటోలు దానికి అప్పగించి, షట్టరు దించి ఇంటికి వెళితే తెల్లవారేసరికి అన్నీ సిద్ధంగా ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడవలసిన బాధ్యత మాది. చూడలేదు. పైగా ‘అరగంటలో ఫొటో’ అని బోర్డు కూడా రాయించాం.

లోపాన్ని మొదట పట్టుకున్నది ఒక పెళ్లికూతురి అమ్మమ్మగారు. ఆల్బమ్‌లో నాలుగు పేజీలు తిప్పి, ‘పిల్లకు బుగ్గచుక్క నేనే పెట్టాను, ఏదీ?’ అని అడిగారు. సాఫ్ట్‌వేర్‌కు దిష్టి సంగతి తెలియదు. బుగ్గ మీద నల్లగా, గుండ్రంగా కనిపించినదాన్ని మొటిమ కింద జమకట్టి చెరిపేసింది. అది కూడా అన్ని ఫొటోల్లో కాదు. ముఖం పక్కకు తిరిగిన చోట గుర్తుపట్టలేక వదిలేసింది కాబట్టి, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఉన్న చుక్క మంగళసూత్రధారణ నాటికి మాయమై, తలంబ్రాల వేళకు మళ్లీ ప్రత్యక్షమైంది. ఆ కంటితోనే మిగతా పేజీలు చూస్తే మా పనితనమంతా బయటపడింది. పసుపు రాసిన ముఖాన్ని రంగు తేడాగా భావించి గులాబీ రంగుకు తెచ్చింది, మెడను మాత్రం పసుపుగానే ఉంచింది. అమ్మమ్మగారి గడ్డం మీద పచ్చబొట్టు చుక్క కూడా పోయింది. ఆమె అది చూసి నవ్వేశారు గానీ, ఆ ఆల్బమ్‌ను మా ఖర్చుతో మళ్లీ అచ్చు వేయించి ఇచ్చేదాకా నాకు నిద్రపట్టలేదు.

రెండో పాఠం మా ఊరికే తగినది. తెనాలి శిల్పుల దగ్గర తమ పెద్దవాళ్ల విగ్రహాలు చేయించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ పనికి ఫొటోలు పెద్దవి చేయించుకోవడానికి కొందరు మా దగ్గరికి వస్తుంటారు. అలా మేము ఇచ్చిన ఒక ఫొటోను శిల్పి తిప్పి పంపారు. ముక్కు పక్క నుంచి నోటి అంచు దాకా దిగే గీత, కనుబొమ్మల మధ్య మడత, దవడ కింద నీడ లేకపోతే మట్టిని ఎక్కడ నొక్కాలో, ఎక్కడ పెంచాలో తనకు తెలియదని, ముసలాయన ముఖం కోడిగుడ్డులా ఉందని కబురు చేశారు. అసలు ఫైలు తీసి చూస్తే అవన్నీ ఉన్నాయి, తీసేసింది మేమే.

మూడోది చెప్పడానికి కష్టంగా ఉంది. తల్లి పోయిన ఒక అబ్బాయి పెద్దకర్మకు ఫొటో కావాలని, పాత పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటో తెచ్చాడు. అందులో ఆమె ముఖం గోరంత ఉంది. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తున్న ఫొటో నాణ్యంగా రావాలంటే అంగుళానికి 300 చొప్పున 3600 × 5400 పిక్సెళ్లు (ఫొటోను ఏర్పరిచే చిన్న చుక్కలు) కావాలి. గోరంత ముఖాన్ని ఎంత హెచ్చు రిజల్యూషన్‌తో స్కాన్ చేసినా కాగితం మీద లేని వివరం పుట్టదు. మరి సాఫ్ట్‌వేర్ చూపించిన కనురెప్పలు, పలువరుస ఎక్కడివి? అది నేర్చుకున్న వేలాది ఇతర ముఖాల నుంచి ఊహించి అతికించినవి. ఆమెకు ముందు పళ్లలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేదట. ఫొటోలో ముత్యాల వరుస వచ్చింది. ఆ అబ్బాయి చాలాసేపు చూసి, ‘చాలా బాగుందండీ, కానీ మా అమ్మ కాదు’ అన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చాను. ఆ రోజే బోర్డు దించేశాం.

మా నాన్నగారు నెగెటివ్‌ల మీద, అంటే వెలుగునీడలు తారుమారుగా కనిపించే ఫిల్మ్ మీద టచింగ్ చేసేవారు. వాలుగా ఉన్న బల్లకు నెగెటివ్ అమర్చి, కింద అద్దంతో వెలుతురు రప్పించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టేవారు. ముఖం మీద నల్లగా ఉండే ముడత నెగెటివ్‌లో పారదర్శకంగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ పొడి పడితే వెలుతురు తగ్గి, ప్రింటులో ఆ గీత పలచబడుతుంది. చేయి కాస్త ఎక్కువైతే ప్రింటు మీద తెల్లటి పౌడరు చల్లినట్టు వచ్చి, తప్పు దానంతట అదే పట్టుబడేది. ఇప్పుడు పట్టుబడదు, అదే ఇబ్బంది. కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దే ఫొటోషాప్ 1990లో వచ్చింది. మేము రోజూ వాడే హీలింగ్ బ్రష్ 2002 నాటి ఏడో వెర్షన్‌లో చేరింది. అది పక్కన ఉన్న మంచి చర్మపు గరుకును (టెక్స్చర్‌ను) తెచ్చి, మచ్చ ఉన్న చోటి రంగుతో, వెలుతురుతో కలిపేస్తుంది. ఒక్క మొటిమకు వాడితే దానికి మించిన పనిముట్టు లేదు, ముఖమంతా తిప్పితే ఇక ఆ ముఖం లేదు.

ఇప్పుడు మేము చేస్తున్న పద్ధతి ఇది. అసలు ఫొటోను ముట్టుకోకుండా పైన ఖాళీ లేయర్ (పారదర్శకమైన పొర) వేసి, నూరు శాతం సైజులో చూస్తూ, నెల రోజుల తర్వాత మీ ముఖం మీద ఎలాగూ ఉండనివాటిని మాత్రమే హీలింగ్ బ్రష్‌తో తీస్తాం. మొటిమ, గడ్డం గీసుకున్నప్పుడు పడిన గాటు, బొట్టుబిళ్ల జిగురుకు వచ్చిన దద్దురు, కళ్లజోడు అద్దంలో మెరుపు, నుదుటికి అంటుకున్న వెంట్రుక ఈ కోవలోకి వస్తాయి. పుట్టుమచ్చ జోలికి పోము. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు కోసం రాయించుకున్న మచ్చను ఫొటోలో చెరిపేయడంలో అర్థం లేదు. కళ్ల కింద నలుపును, ముడతలను తగ్గిస్తాం, తీసేయము. అందుకు మధ్యస్థపు బూడిద రంగు లేయర్‌ను సాఫ్ట్ లైట్ అనే మోడ్‌లో (పై పొర కింది ఫొటోతో కలిసే తీరులో) పెట్టి, చాలా తక్కువ బలమున్న బ్రష్‌తో చీకటి చోట కొంచెం వెలుతురు, వెలుతురు చోట కొంచెం చీకటి అద్దుతాం. ఇలా వెలుతురు పెంచడాన్ని డాడ్జ్, తగ్గించడాన్ని బర్న్ అంటారు, ఆ పేర్లు ఫొటోలు ప్రింటు వేసే చీకటిగది (డార్క్‌రూమ్) నుంచి వచ్చినవే. నాన్నగారు నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జర్ కింద తీగకు గుచ్చిన అట్టముక్కతో చేసినది అదే. చర్మపు గరుకును ఒక లేయర్‌లో, రంగును ఇంకొక లేయర్‌లో విడదీసే పద్ధతి కూడా ఉంది గానీ, తొందరలో చేస్తే మైనపు బొమ్మలు తయారవుతాయి కాబట్టి మా కుర్రవాళ్లను దాని దగ్గరికి ప్రస్తుతానికి పోనివ్వడం లేదు.

చాలామంది అడిగేది, అడగడానికి మొహమాటపడేది ఒకటుంది: ‘కొంచెం తెల్లగా చేయండి’ అని. వెలుతురు తక్కువై ముఖం నల్లబడితే సరిచేయడం మా పని. చామనఛాయను తెలుపు చేయడం ఇకపై మా పని కాదు. ఇంతకాలం చేశాం, కాదనను. పెళ్లిసంబంధాల ఫొటోల్లో అయితే అడగకుండానే చేశాం. ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు అయిన ఆ ఫొటోలు పట్టుకుని పెళ్లిచూపులకు వచ్చినవారు మొదట వెతికింది ఆ తేడానే అని తర్వాత తెలిసింది. ఈ నిర్ణయం వల్ల కొంత బేరం పోతుందని తెలుసు.

అమెరికా వీసాకు వెళ్లే విద్యార్థులు మొటిమ తీయమని కూడా దయచేసి అడగవద్దు. 51 × 51 మిల్లీమీటర్ల ఫొటోలో తల 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, వెనక తెల్లగా ఉండాలి, కళ్లజోడు తీయాలి, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. రూపాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్చకూడదన్నది కూడా అక్కడి నియమమే. ఫొటోను ఆ కొలతకు కత్తిరించి ఇస్తాం, అంతే.

గత రెండేళ్లలో మా దగ్గర టచింగ్ చేయించుకున్నవారి అసలు ఫైళ్లన్నీ హార్డ్ డిస్కుల్లో భద్రంగా ఉన్నాయి. ఫొటోలో ఉన్నది మీ ముఖం కాదనిపిస్తే రసీదు లేకపోయినా ఫొటో తీసుకుని రండి. ఒక్కో కుటుంబానికి ఐదు ఫొటోల వరకు ఉచితంగా మళ్లీ చేసి ఇస్తాం. ఆల్బమ్ మొత్తం మళ్లీ వేయించే శక్తి మాకు లేదు, కానీ మార్చిన పేజీల అచ్చు ఖర్చులో సగం భరిస్తాం.

మూడు రోజుల నియమం ఒక్క సందర్భంలో వర్తించదు. ఇంట్లో ఎవరైనా పోయి ఫొటో కావలసి వస్తే అదే రోజు చేసి ఇస్తాం, టచింగ్‌కు డబ్బు తీసుకోము. వాట్సాప్‌లో పంపినది కాకుండా అసలు ఫొటోనే, ఎంత చిన్నదైనా, చిరిగినదైనా తీసుకురండి. దానిలో ఉన్నంత ముఖమే వస్తుంది కాబట్టి, ప్రింటు మీరు అనుకున్నదానికంటే చిన్నదిగా ఉండవచ్చు.