గుండె ఆపరేషన్‌కి డబ్బు ఇస్తున్నారు, నడవడానికి దారి ఇవ్వరా?

సంపాదకుడు గారికి,

నమస్కారం.

గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చే ప్రతివారి చేతిలో ఒక డిశ్చార్జి కాగితం ఉంటుంది. మందుల పేర్ల కింద ఉప్పు తగ్గించండి, సిగరెట్ మానండి, రోజూ నడవండి అని రాసి ఉంటుంది. మందులు షాపులో దొరుకుతాయి. ఉప్పు సంగతి ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారు. నడక మాత్రం ఊళ్లో రోడ్లు ఎలా ఉంటే అలా సాగుతుంది. మా పట్టణంలో అది సాగడం లేదు.

నేను డెబ్బై దాటినవాణ్ణి, బైపాస్ అయినవాణ్ణి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత బైపాస్, వాల్వు మార్పిడి లాంటివి డబ్బున్నవాళ్లకే అన్న రోజులు పోయాయి. ఆటో నడిపేవాళ్లకీ, కూలికి వెళ్లేవాళ్లకీ కూడా జరుగుతున్నాయి. కొన్ని ఆపరేషన్లకి తర్వాత ఏడాదిపాటు మందులు, పరీక్షలు కూడా పథకంలోనే వస్తాయి. పేరు ఏ ప్రభుత్వం ఏది పెట్టినా పని మంచిది. కానీ లక్షలు ఖర్చుపెట్టి బాగుచేసిన గుండెని నిలబెట్టేది ఆ తర్వాత చేసే నడకే. దాని గురించి అడిగే నాథుడు లేడు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఆపరేషన్ అయిన మనిషి కదలకూడదని మన ఇళ్లలో ఇంకా అనుకుంటారు. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ "మంచం దిగకండి" అనే చెప్పి వెళతాడు. ఆసుపత్రిలో మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే లేపి కూర్చోబెడతారు, ఆ వెంటనే వార్డులో నాలుగడుగులు వేయిస్తారు. కోసిన రొమ్ము ఎముకని తీగలతో బిగిస్తారు. అది అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బిందె ఎత్తకూడదు, స్కూటర్ తోలకూడదు, చేతులతో బలం పెట్టి లేవకూడదు. ఆ నెలల్లో ఇంచుమించు అందరూ చేయగలిగిన వ్యాయామం నడక ఒక్కటే. మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది, అలా పెంచుకుంటూ అరగంట దాకా వెళ్లాలి. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే, మాట తెగుతుంటే తగ్గించాలి. చాలామందికి గుండె వేగం తగ్గించే మాత్రలు ఇస్తారు కాబట్టి నాడి లెక్క మీద ఆధారపడితే సరిగా తెలియదు. ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆగిపోవాలి.

ఆగిపోతే కూర్చోవడానికి ఎక్కడ? మా మెయిన్ రోడ్డు పొడవునా ఒక్క బెంచీ లేదు.

ఫుట్‌పాత్ అని మేం పిలిచేది నిజానికి మురిక్కాలవ మీద పరిచిన పలకలు. కొన్ని ఊగుతాయి, కొన్ని అసలు లేవు. ప్రతి ఇంటాయనా కారు ఎక్కించుకోవడానికి గేటు ముందు ర్యాంపు కట్టుకున్నాడు కాబట్టి పది గజాలకోసారి ఎక్కి దిగాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లెక్సీల కర్రలు, బండ్ల పార్కింగ్. టిఫిన్ బండ్లని నేను తప్పుపట్టను, వాళ్లకీ బతుకుతెరువు కావాలి, ఇడ్లీ తినేది మేమే. వాళ్లకి వేరే చోటు చూపించకపోవడమే తప్పు. చివరికి ముసలివాళ్లంతా రోడ్డు మీదే లారీల పక్కన నడుస్తాం. వాల్వు మార్చినవాళ్లలో చాలామంది రక్తం గడ్డకట్టకుండా మందులు వాడతారు. వాళ్లు పలక తట్టుకుని తల కొట్టుకునేలా పడితే అది మామూలు దెబ్బ కాదు, లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. తెల్లవారకముందే బయల్దేరితే కుక్కలు వెంటపడతాయి. మే నెలలో ఏడు దాటితే ఎండ.

ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఇంటిపని చేస్తూనే ఉంది కదా, వేరే నడక ఎందుకు అంటారు. పొయ్యి దగ్గర నిలబడి పనిచేయడం, ఆగకుండా అరగంట నడవడం ఒకటి కాదు. నాకు తెలిసిన ఒకావిడ ఆపరేషన్ తర్వాత మేడ మీదే నడుస్తోంది. పది అడుగులకోసారి వెనక్కి తిరగడంతో మోకాళ్లు పట్టేశాయి. రోడ్డు మీదికి రమ్మంటే "పడితే ఎవరు చూస్తారన్నయ్యా" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

ఇవన్నీ దయతో చేయాల్సిన పనులు కావు. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మా ఊళ్లో గట్లు మోకాలి దాకా ఉన్నవీ ఉన్నాయి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు పాదచారులకు ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణ కిందికి, అంటే జీవించే హక్కులోకి వస్తుందని చెప్పింది. గుండె రోగుల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం.

ఊరంతా ఒకేసారి బాగుచేయమని అడగడం లేదు. వార్డుకి ఒక్క కిలోమీటరు, ఎక్కడా తెగకుండా చదునుగా, మధ్యమధ్యలో బెంచీలతో చేసి చూపించండి. రెండోది, పథకంలో ఆపరేషన్ అయినవాళ్లకి ఫిజియోథెరపిస్టుతో కొన్ని వారాల నడక శిక్షణ కూడా చేర్చండి. ఆరు నిమిషాల్లో రోగి ఎంత దూరం నడవగలడో చూసే పరీక్ష ఒకటుంది. దానికి 30 మీటర్ల వరండా, ఒక గడియారం, రెండు కుర్చీలు, పక్కన తెలిసిన సిబ్బంది ఉంటే చాలు. బీపీ యంత్రం ఎలాగూ ఉంటుంది. ఏరియా ఆసుపత్రిలో చేయించవచ్చు. బాగుపడుతున్నానో లేదో రోగికి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మూడోదానికి దాదాపు ఖర్చే లేదు. మా పట్టణంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ మైదానం ఉంది. చదునైన నేల, చుట్టూ చెట్లు, ప్రహరీ ఉంది కాబట్టి కుక్కలు రావు. ఉదయం ఐదు నుంచి ఏడున్నర దాకా గేటు తీస్తే చాలు. మునిసిపాలిటీ వాళ్లని అడిగితే కాలేజీని అడగమంటారు, కాలేజీ వాళ్లు పైనుంచి ఆర్డరు కావాలంటారు. ఆ ఆర్డరు ఇవ్వాల్సింది ఎవరో జిల్లా అధికారులు తేల్చి, ఎండలు ముదరకముందే ఇప్పించాలని కోరుతున్నాను. గేటు తీసి మూసే బాధ్యత వంతులవారీగా చూసుకుంటామని మా పెన్షనర్లం రాసివ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
కృష్ణా జిల్లా