జిగురు సీసా లేని కలుపు మందు డబ్బా

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మొక్కజొన్న కలుపు మందు డబ్బాలో జిగురు మందు సీసా లేకపోవడం, మీ ప్రతినిధి తప్పుడు సలహా ఇవ్వడం గురించి.

అయ్యా,

మాది ఖమ్మం జిల్లా. ఈ యాసంగిలో మూడెకరాల్లో మొక్కజొన్న వేశాను. మోటారు కాలిపోవడంతో చివరి ఎకరం వారం ఆలస్యంగా విత్తాల్సి వచ్చింది. మీ టెంబోట్రియాన్ కలుపు మందు మూడు డబ్బాలు మా ఊరి డీలరు దగ్గర కొన్నాను. ఎకరాకు 115 మి.లీ. మందు, అది ఆకుకు అంటుకునేలా దానితో కలపడానికి 400 మి.లీ. జిగురు మందు, రెండూ కలిపి ఒకే డబ్బా అని పైన బొమ్మ కూడా వేశారు.

విత్తిన 18వ రోజు పొద్దున్నే చేనుకు వెళ్లాను. ముందురోజే తడి పెట్టాను. ఊద గడ్డి మూడు నాలుగాకుల మీద ఉంది, అంటే మందు కొట్టడానికి సరైన అదను. గట్టు మీద డబ్బా విప్పితే ఒక్క సీసానే ఉంది. రెండోది విప్పినా అంతే. మందు కొట్టే తైవాన్ పంపు కిరాయికి తెచ్చాను, మనిషి వచ్చి కూర్చున్నాడు. మీ ప్రతినిధికి ఫోన్ చేస్తే, "ఏం కాదన్నా, ట్యాంకుకు రెండు షాంపూ పొట్లాలు వేసి కొట్టెయ్" అన్నాడు. నిజం చెప్పాలంటే, వద్దని నా మనసు చెప్పింది. అదను పోతుందన్న టెన్షన్‌లో విన్నాను.

ఇంకో మాట. 20 లీటర్ల ట్యాంకులు పది కొడితే ఎకరం. ట్యాంకుకు పదకొండున్నర మి.లీ. పడాలి. మీ మూత మీద గీతలే లేవు. సీసా మొత్తం బకెట్లో పోసి, పది చెంబుల నీళ్లు కలిపి, ట్యాంకుకో చెంబు పోశాను. అంత లెక్కగా చేశాను.

గలిజేరు, వయ్యారిభామ మాడిపోయాయి. ఊద ఆకులు తెల్లబడ్డాయి, చచ్చిందనే అనుకున్నాను. పదో రోజు ఒక దుబ్బు పీకి చూస్తే, తెల్లటి ఆకుల మధ్య నుంచి వేలెడంత పచ్చటి మోసు. చేమాకు మీద నీళ్లలా మందు జారిపోతే గడ్డి ఎలా చస్తుంది? గట్టు అవతల మా బాబాయి ఇదే మందు, వేరే షాపులో కొన్నది, జిగురు సీసాతో కలిపి అదే రోజు కొట్టాడు. ఆ చేలో ఊద లేదు. తుంగ రెండు చేలల్లోనూ ఉంది. దాని సంగతి వేరు, దానికి హాలోసల్ఫ్యూరాన్ అనే వేరే మందు కొట్టాల్సిందని నాకు తెలుసు. ఆ నింద మీ మీద వెయ్యను.

మళ్లీ కొడదామంటే అప్పటికే ఊద పిలకలు వేసింది. పైరుకు నెలన్నర దాకా కలుపు ఉండకూడదు కదా. ఆగలేక పది మంది ఆడకూలీలను రెండు రోజులు పెట్టి తీయించాను. మనిషికి 400 చొప్పున 8,000 రూపాయలు అయింది. కూలి తప్పించుకుందామనే కదా మందు కొన్నది.

మీ టోల్ ఫ్రీ నంబరుకు రెండుసార్లు చేశాను. "లేబుల్ మీద ఉన్నట్టు వాడలేదు కాబట్టి బాధ్యత లేదు" అన్నారు. లేబుల్ మీద ఉన్న సీసా డబ్బాలో లేకపోతే ఉన్నట్టు ఎలా వాడాలి? షాంపూ వెయ్యమన్నది మీ మనిషే.

విప్పిన రెండు డబ్బాల ధర, కూలి 8,000 రూపాయలు నాకు చెల్లించాలి. మూడో డబ్బా మార్చి ఇవ్వాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మా వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) గారు చేను చూసి వెళ్లారు. బిల్లు జిరాక్సు, బ్యాచ్ నంబరు కనిపించే ఫొటోలు జత చేశాను.

మూడో డబ్బా సీలు తియ్యలేదు. ఊపితే ఒక్క సీసా చప్పుడే వినిపిస్తోంది. మీ మనిషిని పంపండి, ఆయన ముందే విప్పుదాం.

ఇట్లు,
ఒక మొక్కజొన్న రైతు,
ఖమ్మం జిల్లా