థలసీమియా పిల్లల మందు ఆగకూడదు: ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారం.

మా వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందు ఇలా రాయాల్సి వస్తోంది.

థలసీమియా మేజర్ అంటే ఒంట్లో సరిపడా రక్తం తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. అది ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రక్తం దొరికితే చాలని చాలామంది అనుకుంటారు. చాలదండీ. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే మార్గం శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుపోతుంది. డెఫెరాసిరాక్స్ లాంటి మందు క్రమం తప్పకుండా వాడితేనే అదుపులో ఉంటుంది. మేం వెళ్లే ఆసుపత్రిలో ఆ మందే మాటిమాటికీ 'స్టాక్ లేదు' అంటున్నారు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. చూసినవాళ్లు తొమ్మిదో పదో అనుకుంటారు. ఎదుగుదల ఆగడానికి పేరుకున్న ఐరనే కారణమని డాక్టరు గారు చెప్పారు. సూది వేసేటప్పుడు ఏ నరం దొరుకుతుందో నర్సుకు తనే చూపిస్తుంది. "నేనెప్పుడు పొడుగవుతానమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈ మందు ఒక్క రోజు కూడా ఆగకుండా ఉచితంగా అందేలా ఉత్తర్వులివ్వండి. ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష మూడు నెలలకోసారి, ఏటా గుండె, హార్మోన్ పరీక్షలు రక్తం ఎక్కించే చోటే జరగాలి. ఎప్పటి నుంచి అమలు చేస్తారో తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఓ తల్లి