పడవ మీద ఎర్రపువ్వు

ఒరేయ్ శ్రీనూ,

ఫోన్‌లో చెప్తే మధ్యలో నవ్వి చెడగొడతావని ఉత్తరం రాస్తున్నా. పోయిన ఆదివారం లండన్‌లో ఒక సంతలో పింగాణీ సాసరు కొన్నాను. పన్నెండు పౌండ్లు. "చైనాది, పాతది" అన్నాడు అమ్మినాయన. సగం నిజమే.

ఇంటికొచ్చి దీపం కింద పెట్టి చూశా. నీలిరంగులో ఏరు, చిన్న పడవ, గడ వేస్తున్న ముసలాయన. అది చైనా పనే. కానీ ఏటి నడిమధ్యలో ఇంత లావు ఎర్రపువ్వు! దాని ఆకు సగం పడవని మింగేసింది. తడిమితే నీలం చేతికి తగలదు, గాజుపూత కింద ఉంటుంది కదా. ఎరుపూ పచ్చా మాత్రం పైకి తేలి వేలికి తెలుస్తున్నాయి. అంచు మీది బంగారం బొటనవేలు పడే చోట అరిగిపోయింది.

సంగతేంటంటే, 1700ల్లో చైనాలోని జింగ్‌దెజెన్ అనే ఊళ్ళో చేసిన పింగాణీ ఓడల్లో యూరప్‌కి వచ్చేది. రంగులున్న వాటికి గిరాకీ ఎక్కువ. కావలసిన బొమ్మ చైనాలో వేయించుకుందామంటే రానూపోనూ రెండేళ్ళు. అందుకని ఇక్కడి పెయింటర్లే ఆ సరుకు మీద రంగులేసి, చిన్న బట్టీలో మళ్ళీ కాల్చి అమ్ముకున్నారు. పింగాణీకి 1300 డిగ్రీల దాకా వేడి కావాలి గానీ, ఈ రంగులకి 800 చాలు. డచ్చివాళ్ళయితే జపాన్ పింగాణీ మీద వేసే కాకియెమోన్ శైలి పూలనే దించేశారు. లండన్ సోహోలో జేమ్స్ గైల్స్‌కి ఇదే వ్యాపారం.

బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) ప్రైస్లర్ అనే పెయింటర్ (పోయింది 1741లో) ఖాళీ తెల్లపింగాణీ మీద ఒక్క నల్లరంగుతో సన్నగా బొమ్మలు వేశాడు. ఆయన్ని తప్పుపట్టను. నా సాసరు సంగతి వేరు, ఉన్న బొమ్మ మీదే పులిమారు. ఇలాంటివాటిని ఇక్కడ 'క్లాబర్డ్' అని చిన్నచూపు చూస్తారు. నాకూ ఒళ్ళు మండింది. ఆ పువ్వు వేసినవాడు ముసలాయన్ని కనీసం చూడను కూడా చూడలేదు కదా అనిపించింది.

నిన్న రాత్రి భూతద్దం పెట్టి చూశాన్రా. పువ్వు తీగ సూటిగా వచ్చి, ముసలాయన టోపీ దగ్గర చటుక్కున పక్కకి వంగింది. గడని కూడా తాకకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది.

చూశాడన్నమాట.

వేసవికి వచ్చేటప్పుడు తెస్తా. అందులో టీ మాత్రం పోయకు, ఆ పాత రంగుల్లో సీసం ఉంటుంది. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
మురళి