మందు బ్యాన్ అయిన సంగతి క్లినిక్‌కి వచ్చిన పిల్ల చెప్పింది

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో వీధికుక్కల మీద వార్తలు, ఎక్కడన్నా గేదెలు చచ్చిపోతే జిల్లా పేజీలో ఫొటో, బర్డ్ ఫ్లూ అంటే ఏకంగా మొదటి పేజీ, అన్నీ వేస్తున్నారు, మంచిదే. కానీ వీటన్నిటికీ మందు వేసే పశువుల డాక్టరు కాలేజీ నుంచి బయటికొచ్చాక కొత్త సంగతులు ఎక్కడ నేర్చుకుంటాడు, అతనికి ఎవరు చెబుతారు అన్నది మటుకు నాకెప్పుడూ కనపడలేదు, అందుకే నేనే రాస్తున్నా. నేను గన్నవరం కాలేజీలో చదివి 2006లో బయటికొచ్చా. వైజాగ్ పక్కన పెందుర్తిలో చిన్న క్లినిక్, పొద్దున్నా సాయంత్రం కుక్కలు పిల్లులు, మధ్యలో బండేసుకుని సబ్బవరం, కొత్తవలస వైపు గేదెలకీ ఆవులకీ. గవర్నమెంటు ఉద్యోగం కాదు కాబట్టి ట్రైనింగ్‌కి వెళ్తే టీఏ డీఏ ఉండదు, షట్టర్ దించితే ఆ రోజు సంపాదన లేనట్టే. ఇది ముందే చెప్పేస్తున్నా, తర్వాత వీళ్ళకి నేర్చుకునే ఓపిక లేదని ఎవరూ అనకుండా.

2023లో దసరా ముందు ఒక కాలేజీ అమ్మాయి వాళ్ళ లాబ్రడార్‌ని తీసుకొచ్చింది, వెనక కాలు కుంటుతోందని. నా టేబుల్ మీద స్టీలు ట్రేలో కీటోప్రోఫెన్ అనే నొప్పి మందు సీసా ఉంది, గేదెలకి వాడేది, సగం అయిపోయింది, రబ్బరు మూతకి సూది గుచ్చినట్టే ఉంది, పొద్దున్నే ఎవరిదో పొదుగు వాపు గేదెకి వేసి అలాగే పెట్టేశా. ఆ పిల్ల కొండకర్ల ఆవ చెరువుకి పక్షుల్ని చూడ్డానికి వెళ్ళే బ్యాచ్ అట, కుక్కని వదిలేసి సీసా చేతిలోకి తీసుకుని "సార్, ఇది పశువులకి వెయ్యకూడదని బ్యాన్ చేశారు కదా" అంది. నేను పెద్ద తెలిసినట్టు "అది డైక్లోఫినాక్ అమ్మా, ఇది వేరే" అన్నా. ఆ అమ్మాయి ఏం మాట్లాడకుండా ఫోన్ తీసి గెజిట్ చూపించింది. 2023 జులై 31 తేదీ, కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ రెండూ పశువుల వాడకానికి తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు అని. అప్పటికి రెండు నెలలు దాటింది, ఈ రెండు నెలల్లో ఎన్ని గేదెలకి పొడిచానో లెక్క లేదు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా, ఈ రకం నొప్పి మందు వేసిన పశువు చచ్చిపోయి ఆ కళేబరాన్ని రాబందులు తింటే వాటి కిడ్నీలు పాడైపోయి, లోపల యూరిక్ యాసిడ్ సున్నంలా పేరుకుని చచ్చిపోతాయి. డైక్లోఫినాక్ సంగతి 2004లో బయటపడింది, 2006లో మనదేశంలో పశువులకి ఆపేశారు. ఎసిక్లోఫినాక్ అయితే ఆవు ఒంట్లోకి వెళ్ళాక మారేది డైక్లోఫినాక్‌గానే, అంటే తలుపు మూసి కిటికీ తెరిచినట్టు. మెలాక్సికామ్ ఉంది, టోల్ఫెనమిక్ యాసిడ్ ఉంది, రెండూ రాబందులకి హాని చెయ్యవు, మనకి పనీ జరుగుతుంది. తర్వాత నిమెసులైడ్ అనే ఇంకో నొప్పి మందు కూడా పశువులకి బ్యాన్ అయింది. ఇందులో నాకు కష్టమైన విషయం ఒక్కటీ లేదు, ఎవరో ఒకరు చెబితే అదే రోజు సీసా పారేసేవాడిని. చెప్పింది ఎవరూ లేరు. పైగా ఆ ఆగస్టులోనే ఓ మెడికల్ రెప్ వచ్చి పది సీసాలు తీసుకుంటే రెండు ఫ్రీ అని ఇచ్చిపోయాడు, ఇప్పుడాలోచిస్తే ఆ ఆఫరు ఎందుకొచ్చిందో అర్థమవుతోంది, అప్పుడు మాత్రం సంతోషంగా సంతకం పెట్టా.

నా అడ్రసు, ఫోన్ నంబరు రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్టర్లో ఉన్నాయి. 1984 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చెయ్యకూడదు, ఐదేళ్ళకోసారి రెన్యూవల్, ఫీజు కడతాం, కాగితం వస్తుంది. ఆ ఫీజు కట్టేటప్పుడు ఈ ఐదేళ్ళలో నువ్వేం నేర్చుకున్నావని నన్ను ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. మనుషుల డాక్టర్లకి ఐదేళ్ళకి 30 గంటల సీఎంఈ, అంటే డాక్టరయ్యాక కూడా కొత్త సంగతులు నేర్చుకునే క్లాసులు అని 2002 నుంచి రూల్స్‌లో రాసుంది. ఇంగ్లండ్‌లో పశువైద్యులకి ఏడాదికే 35 గంటలు. మనకి 35 వద్దు, పదైనా పెట్టండి, కానీ పెట్టినప్పుడు ఆ పది గంటలూ ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి, లేకపోతే అది ఇంకో సర్టిఫికెట్ల వ్యాపారం అయిపోతుంది. మందు బ్యాన్ అయినప్పుడు మా ఫోన్లకి ఒక ఎస్ఎమ్మెస్ కొట్టడానికయితే ఏ రూలూ మార్చక్కర్లేదు, కరెంటు బిల్లుకి వారానికి మూడు మెసేజీలు వస్తున్నాయి కదా.

పిల్లుల సంగతి ఇంకా ఘోరం. మేం చదివినప్పుడు పిల్లి అంటే కుక్కకి చిన్న సైజు అన్నట్టు చెప్పి దాటేశారు, వైజాగ్‌లో ఇన్ని పర్షియన్ పిల్లులు వస్తాయని అప్పుడెవరికి తెలుసు. కోవిడ్ తర్వాత మధురవాడ, ఎండాడ అపార్టుమెంట్లలో ఎటు చూసినా అవే. ఒక రాత్రి పదకొండింటికి ఒకాయన తువ్వాలులో చుట్టి తెచ్చాడు, జ్వరంగా ఉందని సగం పారాసిటమాల్ బిళ్ళ మింగించాడట, మొహం వాచిపోయింది, ఊపిరి ఎగబోస్తోంది, పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగు పోయి కాఫీ పొడి కలిపిన నీళ్ళలా ఉన్నాయి. అంతకు రెండేళ్ళ ముందు ఇలాంటి పిల్లి ఒకటి నా టేబుల్ మీదే పోయింది, ఎందుకు పోయిందో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఏదో ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వేసి కూర్చున్నా. పిల్లి లివరుకి పారాసిటమాల్‌ని విరగ్గొట్టే శక్తి లేదు, అందుకే రక్తం ఆక్సిజన్ మొయ్యలేక అలా రంగు మారిపోతుంది, విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, మనుషులకి కఫం కరగడానికిచ్చేదే. ఇదంతా నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు, మొదటి పిల్లి పోయాక కుదురుగా కూర్చుని మెర్క్ వెటర్నరీ మాన్యువల్ ఫోన్లో చదివా, అది అందరికీ ఫ్రీ. రెండోసారి ఆ చిగుళ్ళు చూడగానే ఆయన్ని కేజీహెచ్ పెద్దాసుపత్రి ఎదురు మందుల షాపులకి పరిగెత్తించా, కేజీకి 140 మిల్లీగ్రాములు మొదటి డోసు, తర్వాత 70 చొప్పున. తెల్లారేసరికి పిల్లి నన్నే రక్కింది, అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు, మా ఆవిడ ఈ పేపర్ చదవదు కాబట్టి రాస్తున్నా.

అంటే ఫ్రీగా దొరికేవి లేవని కాదు. మెర్క్ ఉంది, చిన్న జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ వాళ్ళ 2024 టీకాల గైడ్‌లైన్స్ ఉన్నాయి, అందులో కుక్కపిల్లకి చివరి డోసు 16 వారాలు నిండాకే పడాలని స్పష్టంగా ఉంది, ఎందుకంటే తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటిదాకా టీకాని పనిచెయ్యనివ్వకపోవచ్చు. మూడో నెలకే కోర్సు అయిపోయిందని కార్డు మీద ముద్ర కొట్టి పంపేసిన కుక్కపిల్లలే నాకు నాలుగో నెలలో పార్వో అనే వైరస్ జబ్బుతో, రక్తవిరేచనాలతో వస్తుంటాయి, ఓనరేమో "టీకాలన్నీ వేయించాం సార్" అని ఏడుస్తాడు. కానీ ఇవన్నీ ఇంగ్లీషులో, దేన్ని ఎక్కడ వెతకాలో తెలిసినవాడికే. జర్నల్స్ అయితే అసలు అందవు. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ యూనివర్సిటీ ద్వారా సెరా అని ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ళ ఆన్‌లైన్ లైబ్రరీ వాడుకోవచ్చు, డిగ్రీ తీసుకుని గేటు దాటగానే అది ఆగిపోతుంది, అంటే పేషెంట్లు లేనప్పుడు పుస్తకాలు ఉంటాయి, పేషెంట్లు వచ్చాక పుస్తకాలు ఉండవు. రిజిస్ట్రేషన్ నంబరుతో లాగిన్ ఇస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఇక ట్రైనింగులు. చెయ్యి పెట్టి నేర్చుకునేవి కావాలంటే తిరుపతి వెళ్ళాలి, లేదా చెన్నై వేపేరి కాలేజీకి, రెండూ గొప్పవే, కాదనను. కానీ తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి, రావడానికి ఒక రాత్రి, మధ్యలో రెండు రోజులు, లాడ్జి ఖర్చు, ఇక్కడ నాలుగు రోజులు షట్టరు మూత. ఊళ్ళో జరిగేవి ఎక్కువగా కంపెనీల మీటింగులు, బీచ్ రోడ్డులో హోటల్, ముప్పావు గంట వాళ్ళ మందు గురించి, పావుగంట జబ్బు గురించి, తర్వాత భోజనం. రొయ్యల వేపుడు బాగానే ఉంటుంది, నేనూ వెళ్తా. వెబినార్ల గురించి చెప్పక్కర్లేదు, మ్యూట్‌లో పెట్టి కుక్కకి కట్టు కట్టుకుంటూ నేనే నాలుగు సర్టిఫికెట్లు సంపాదించా.

అల్ట్రాసౌండ్ మెషీన్ అప్పు చేసి కొన్నా, అమ్మినవాడు అరగంట డెమో ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లపాటు నాకు తెర మీద అన్నీ వాన కురుస్తున్నట్టే కనిపించాయి. పక్కన తెలిసినవాడు నిలబడి నా చెయ్యి పట్టుకుని ప్రోబ్ ఇలా తిప్పు, అదిగో బ్లాడరు, దాని వెనక అదిగో గర్భసంచి, చీము పట్టింది చూడు అని ఒక్క పూట చెబితే అయిపోయే పని అది. వీడియో చూసి ఈత రాదు కదండీ.

ఇంకొకటి, మా ప్రాణాల సంగతి. నా బ్యాచ్‌మేట్ ఒకడికి మూడు నెలలు సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అన్నారు, తర్వాత టీబీ అనుమానం అన్నారు, చూసిన డాక్టర్లలో ఒక్కరూ నువ్వు ఏం పని చేస్తావని అడగలేదు, వీడూ చెప్పలేదు, చివరికి వీడికే వెలిగి, పశువుల నుంచి మనుషులకి అంటుకునే బ్రూసెల్లా జబ్బు టెస్టు రాయించుకున్నాడు, అదే తేలింది. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండా దూడ పడిపోయిన ఆవుకి మాయ పడకపోతే గ్లౌజు లేకుండా చెయ్యి పెట్టి తీశాడు, అంతే. ఆ జబ్బు రాకుండా దూడలకి వేసే ఎస్19 టీకా కూడా బతికున్న క్రిమే, సూది మన వేలికి గుచ్చుకున్నా అదే జబ్బు రావచ్చు. రేబిస్ టీకా ముందస్తుగా మూడు డోసులు వేయించుకున్న పశువైద్యులు మా సర్కిల్లో ఎంతమందో అడిగితే సిగ్గుపడాలి, నేను 2019 దాకా వేయించుకోలేదు. వందేళ్ళు దాటిన ఆంధ్రా మెడికల్ కాలేజీ మన ఊళ్ళోనే ఉంది. అక్కడి జనరల్ మెడిసిన్ వాళ్ళనీ మమ్మల్నీ రెండు నెలలకోసారి ఒక గదిలో కూర్చోబెడితే జ్వరం వచ్చిన రైతుని వాళ్ళు పశువుల గురించి అడుగుతారు, పశువు ఈసుకుపోయిన ఇంట్లో మేం మనుషుల గురించి అడుగుతాం.

మా కిందిస్థాయి వాళ్ళని కూడా మర్చిపోవద్దు. గోపాలమిత్రలు, రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులు, పల్లెలో పశువు దగ్గరికి ముందు వెళ్ళేది వాళ్ళే, వాళ్ళకి తెలుగులో చెప్పాలి, బొమ్మలతో చెప్పాలి. ఆవులకి లంపీ స్కిన్ అనే చర్మం గడ్డల జబ్బు వచ్చిన ఏడాది ఒక ఊళ్ళో ఒకే సూదితో వీధి మొత్తం ఆవులకి గుచ్చుకుంటూ పోతున్న కుర్రాణ్ణి నేను ఆపా, వాడికి ఎవరూ చెప్పలేదట, కోప్పడ్డానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ వచ్చింది, నాకు రెండు గంటల దారి, తిరుపతితో పోలిస్తే పక్కిల్లు. అక్కడి ప్రొఫెసర్లు నెలకి ఒక ఆదివారం వైజాగ్ రావాలి, లేదా మమ్మల్ని అక్కడికి రానివ్వాలి. ఇక్కడ కేసులకి కొదవ లేదు, జూ ఉంది, సింహాచలం గోశాలలో మొక్కుబడి కోడెదూడలు ఉన్నాయి, రోడ్ల మీద ప్లాస్టిక్ కవర్లు తిని కడుపు రాయిలా అయిన ఆవులు ఉన్నాయి, పొట్ట కోసి తీయడం నేర్చుకోవాలంటే అంతకన్నా ఏం కావాలి. హాల్ లేదు, బడ్జెట్ లేదు అనే మాట వస్తుందని తెలుసు. నా క్లినిక్ వెనక రేకుల షెడ్డు ఉంది, పాతికమంది కూర్చోవచ్చు, ఫ్యాను ఒకటే, ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీ. మైక్రోస్కోపు నాది, స్లైడ్లు నావి, ఆ వాన కురిసే అల్ట్రాసౌండ్ కూడా నాదే, టీ, పకోడీ ఖర్చు మేమందరం వేసుకుంటాం. చెప్పేవాళ్ళని పంపండి, చాలు.

ఇట్లు,
ఒక ప్రైవేటు పశువైద్యుడు,
పెందుర్తి, విశాఖపట్నం